మా లోపలి రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లు ఉంచాలా, తీసేయాలా? (ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం)

లక్ష్మీ_ఎంవీపీ
ఇసుకతోట దగ్గర హైవే దిగి మా సెక్టార్ లోపలి రోడ్డు పట్టుకుంటే బీచ్ పక్కనున్న అప్పుఘర్ తొందరగా చేరొచ్చని ఊరందరికీ తెలిసిపోయింది. ఫోన్లో మ్యాప్ కూడా ఇటే తోలుతోంది. సాయంత్రం అయితే చాలు, బీచ్‌కి పోయే బండ్లన్నీ మా గుమ్మాల ముందు నుంచే. పిల్లలు ట్యూషన్లకు సైకిళ్ల మీద వెళ్లే టైమూ అదే. ఎంతో మొత్తుకుంటే పోయిన నెల మూడు స్పీడ్ బ్రేకర్లు వేశారు. ఇప్పుడేమో అవి తీసేయమని అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో సంతకాలు సేకరిస్తున్నారు! నడుం నొప్పులట, కార్ల అడుగు తగులుతోందట. ఎదురుగా ఉన్న గుడికి మా అత్తగారు ఇప్పుడిప్పుడే ఒక్కరే వెళ్లొస్తున్నారు. ఆ కాగితం మీద నేను సంతకం పెట్టను. మిగతావాళ్లు ఏమంటారు? అసలు ఒకసారి వేసినవాటిని తీయించడానికి పద్ధతంటూ ఉందా?

బుల్లెట్_బాబీ
సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. స్పీడు తగ్గకూడదని కాదండీ నా బాధ. రెండో బ్రేకర్ ఉంది చూశారా, బాదం చెట్టు కింద? దానికి రంగు లేదు, ముందు బోర్డు లేదు, వీధి దీపం వెలుగు కొమ్మల్లోనే ఆగిపోతుంది. మా తమ్ముడు నైట్ షిఫ్ట్ నుంచి వస్తూ దాని మీద ఎగిరి పడ్డాడు. హెల్మెట్ ఉంది కాబట్టి భుజంతో పోయింది. మీ అత్తగారు క్షేమంగా రోడ్డు దాటాలి, నిజమే. మా తమ్ముడు క్షేమంగా ఇంటికి రావద్దా?

సుధ_లాసన్స్‌బే
మీ తమ్ముడు ఎంత స్పీడులో వచ్చాడో కూడా చెప్పండి బాబీ గారూ.

బుల్లెట్_బాబీ
వెనకాల వచ్చిన పాల వ్యాన్ అతను చూశాడు. నెమ్మదిగానే వచ్చాడు. కనపడనిదాన్ని ఎవరైనా ఎలా దాటుతారు?

అప్పల్రాజు_ఆటో
ఏటండీ ఇది, కార్ల గురించి, బైకుల గురించి మాట్లాడుతున్నారు, మా సంగతి ఎవరూ అడగరు. మూడు చక్రాల బండికి ముందు చక్రం ఎక్కి దిగాక వెనక రెండూ ఎక్కుతాయి. అంటే ఒక్కో బ్రేకర్‌కి రెండు దెబ్బలు. వెనక కూర్చున్నవాళ్ల తల పైన రాడ్‌కి కొట్టుకుంటుంది. మొన్న నెలలు నిండిన అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఆ మూడు చోట్లా ఆటో ఆపి, దించి, దాటించి మళ్లీ ఎక్కించాను. వాళ్లమ్మగారు చెయ్యి పట్టుకుని ఏడుస్తున్నారు. అలాగని బ్రేకర్లు వద్దని నేను అనను. నాకూ ఇద్దరు గుంటలు, ఆ రోడ్డు మీదే బడికి నడిచి వెళ్తారు. ఎక్కి దిగేటట్టు వేయండి, అంతే. ఇది రోడ్డుకి అడ్డంగా కట్టిన గట్టు.

మేడమీద_సత్యవతి
మూడో బ్రేకర్ సరిగ్గా మా గేటు ముందే. పగలు సర్దుకుపోతాం. రాత్రి పదకొండు తర్వాత ఇసుక లారీ ఖాళీగా దిగితే చూడాలి, వెనక డబ్బా చప్పుడుకి కిటికీ అద్దాలు గలగలమంటాయి. బైకులవాళ్లు బ్రేకర్ దగ్గర తగ్గించి, దాటగానే ఒక్కసారిగా రేజ్ చేస్తారు. మా ఆయనకి బీపీ. బ్రేకర్ కావాలన్నవాళ్లు ఎవరి గేటు ముందు వేయించుకుంటారో ముందు చెప్పండి.

సుధ_లాసన్స్‌బే
అది న్యాయమైన మాట. అందరికీ బ్రేకర్ కావాలి, పక్కింటి ముందు.

రిటైర్డ్_ఏఈ
పొద్దున్నే టేపు పట్టుకెళ్లి మూడూ కొలిచాను. మొదటిది అడుగున్నర వెడల్పు, అయిదంగుళాల ఎత్తు. రెండోది ఇంకా ఘోరం, అంచులు నిటారుగా ఉన్నాయి. దాని నెత్తిన తారు మీద కార్ల అడుగు గీరుకున్న చారలు వరసగా కనిపిస్తాయి, ఒకచోట ఆయిల్ మరక కూడా ఉంది. ఎవరిదో చాంబర్ పగిలినట్టుంది.

దీనికి ఒక ప్రమాణం ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వారి ఐఆర్‌సీ 99. మొదట 1988లో వచ్చింది, 2018లో సవరించారు. మామూలు హంప్ (స్పీడ్ బ్రేకర్) అంటే బండి వెళ్లే దిశలో 3.7 మీటర్ల వెడల్పు, మధ్యలో 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్ధంతో సన్నటి వంపు. 25 కిలోమీటర్ల వేగంతో వెళ్తే హాయిగా ఎక్కి దిగుతుంది, అంతకుమించితే కుదుపు తెలుస్తుంది. చిన్న కారు ముందు వెనక చక్రాల మధ్య దూరం సుమారు రెండున్నర మీటర్లు. 3.7 మీటర్ల హంప్ అయితే నాలుగు చక్రాలూ ఒకేసారి దాని మీద ఉంటాయి, కారు మొత్తంగా లేచి మొత్తంగా దిగుతుంది. అడుగున్నర గట్టు అయితే ముందు చక్రాలు దిగిపోయి, వెనకవి ఇంకా ఎక్కక, కారు పొట్ట దాని మీద ఆనుతుంది. నలుగురు ఎక్కి డిక్కీలో సామాను ఉంటే చెప్పక్కర్లేదు.

హంప్ మీద తెలుపు నలుపు పట్టీలు ఉండాలి, 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు ఉండాలి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య 100 నుంచి 120 మీటర్లు. మన దగ్గర రెండోదానికీ మూడోదానికీ మధ్య దూరం దీనికి మూడింతలు ఉంది. సత్యవతి గారు చెప్పిన రేజింగ్‌కి అదే కారణం. అంత ఖాళీ దొరికితే ఎవరైనా మళ్లీ స్పీడు అందుకుంటారు.

లక్ష్మి గారి ప్రశ్నకు జవాబు: రోడ్డు ఎవరిదో వేయడానికీ తీయడానికీ హక్కు వాళ్లదే. ఇక్కడ జీవీఎంసీది, అంటే మన నగరపాలక సంస్థది. మనం సంతకాలతో అడగొచ్చు, అంతే.

కళింగ_కుర్రాడు
మాస్టారూ, టేపు పట్టుకుని రోడ్డు మధ్యలో కూర్చున్నది మీరేనా! మా అమ్మ బాల్కనీలోంచి చూసి పైప్‌లైన్ వేస్తున్నారనుకుని బిందెలన్నీ నింపి పెట్టేసింది.

రిటైర్డ్_ఏఈ
అమ్మగారికి నమస్కారాలు చెప్పు బాబూ. నీళ్లు వృథా చేయొద్దన్నానని కూడా చెప్పు.

రమణ_కిరాణా
ఇంత కొలతలెందుకు, గునపం తీసుకుని రాత్రికి రాత్రి రెండోది పగలగొట్టేస్తే సరి. మా సందులో అలాగే చేశారు.

రిటైర్డ్_ఏఈ
వద్దు రమణా. సగం పగిలిన బ్రేకర్ అసలు బ్రేకర్ కన్నా ప్రమాదం. కంకర తేలుతుంది, స్కూటీ చక్రం కింద రాయి దొర్లితే చాలు, మనిషి పడతాడు. పైగా అది కేసు అవుతుంది.

డాక్టర్_పద్మ
రెండు వైపులా నిజముంది, కానీ ఒక్క విషయం దగ్గర నేను గట్టిగా లక్ష్మి గారి వైపే. 30 కిలోమీటర్ల వేగంలో ఉన్న కారు ముందుకి పిల్లాడు పరుగెత్తితే, డ్రైవర్ తేరుకోవడానికి ఒక సెకను, బ్రేకు పట్టడానికి ఇంకొంత, మొత్తం మీద పదమూడు మీటర్లలో కారు ఆగుతుంది. అదే 50లో ఉంటే ఆ మొదటి సెకనులోనే పద్నాలుగు మీటర్లు పోతుంది. అంటే 30లో ఉన్న కారు ఎక్కడ ఆగిందో, అక్కడికి 50లో ఉన్న కారు బ్రేకు మీద కాలైనా పడకుండా వస్తుంది, నిండు వేగంతో. ఆ వేగంతో తగిలించుకుని వచ్చిన పిల్లల్ని నేను క్యాజువాల్టీలో చూశాను. తల్లిదండ్రులకు ఏం చెప్పాలో నోట మాట రాదు.

సగటు వేగం ఒక శాతం పెరిగితే ప్రాణాంతక ప్రమాదాల ముప్పు నాలుగు శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి "కొంచెమే కదా ఎక్కువ" అనే మాట చెల్లదు.

ఇక 108 బండి విషయం. గుండె జబ్బు వచ్చినవాళ్లకి కొన్ని సెకన్ల ఆలస్యం కన్నా, వెన్నెముక దెబ్బ తగిలినవాళ్లకి కుదుపు పెద్ద సమస్య. స్ట్రెచర్ మీద మనిషి ఎగిరిపడకూడదు. అందుకే హంప్ ఉండాలి, కానీ ఏఈ గారు చెప్పినట్టు వెడల్పుగా ఉండాలి.

కళింగ_కుర్రాడు
డాక్టర్ గారూ, బ్రేకర్ మీద నొప్పి వస్తే అపెండిసైటిస్ అంటారు, నిజమేనా? మా హాస్టల్లో అందరూ అదే చెప్పేవాళ్లు.

డాక్టర్_పద్మ
నవ్వులాటకి అన్నా అందులో విషయముంది. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆ అధ్యయనం వచ్చింది. అపెండిసైటిస్ అని తేలినవాళ్లలో స్పీడ్ బంప్‌లు దాటి వచ్చినవాళ్లు 34 మంది ఉంటే, 33 మందికి బంప్ మీద నొప్పి పెరిగింది. అయితే నొప్పి పెరిగిన ప్రతివాళ్లకీ అపెండిసైటిస్ ఉండదు. మన రెండో బ్రేకర్ మీద అందరికీ నొప్పే, దాంతో ఏ జబ్బూ తేల్చలేం.

బుల్లెట్_బాబీ
పద్మ గారూ, ఆ పద్నాలుగు మీటర్ల లెక్క మా గ్రూపులో పెట్టాను. కానీ నా మాట అలాగే ఉంది. రంగు, బోర్డు, లైటు లేకుండా ఉన్నంతకాలం రెండోది తీసేయాల్సిందే. తర్వాత సరిగ్గా వేస్తే నేనే వచ్చి కొబ్బరికాయ కొడతాను.

లక్ష్మీ_ఎంవీపీ
"ముందు తీసేయండి, తర్వాత వేద్దాం" అంటే ఆ తర్వాత ఎప్పుడొస్తుంది బాబీ? ఒకసారి రోడ్డు చదును చేసి వెళ్లిపోయాక మళ్లీ మన మొహం ఎవరు చూస్తారు? తీయడం, మళ్లీ వేయడం ఒకే రోజు, ఒకే పనిగా జరగాలి. లేకపోతే నేను ఒప్పుకోను.

అప్పల్రాజు_ఆటో
అమ్మగారు చెప్పింది రైటు. తీసేసి వదిలేసిన చోట్లు ఈ ఊళ్లో నేను చాలా చూశాను.

నాని_డెల్ఫ్ట్
నేను పుట్టి పెరిగింది అక్కడే, సెక్టార్ పార్కు పక్క వీధి. ఇప్పుడు నెదర్లాండ్స్‌లో ఉంటున్నాను. 1960ల చివర్లో ఇక్కడ డెల్ఫ్ట్‌లో కూడా ఇదే గొడవ. ఇళ్ల మధ్య వీధుల్ని కార్లు అడ్డదారిగా వాడుకుంటుంటే వీధివాళ్లు చెట్లు, కుండీలు, బెంచీలతో దారిని మెలికలు తిప్పారు. తిన్నగా కనిపించే రోడ్డుని చూస్తే కాలు దానంతటదే యాక్సిలరేటర్ మీదకి పోతుంది. మెలిక ఉంటే పోదు. గట్టు అక్కర్లేదు, చప్పుడూ ఉండదు. మన రోడ్డు వెడల్పైనదే కాబట్టి స్కూల్ గేటు దగ్గర రెండు వైపులా పేవ్‌మెంట్ ముందుకు జరిపి రోడ్డు ఇరుకు చేయొచ్చు. దాటాల్సిన దూరం కూడా తగ్గుతుంది.

రమణ_కిరాణా
నాని బాబూ, బాగానే చెప్పావు గానీ ఇక్కడికొచ్చి చూడు. పేవ్‌మెంట్ ముందుకు జరిపిన మర్నాడే దాని మీద టిఫిన్ బండి, పక్కన నాలుగు బైకులు. అప్పుడు నడిచేవాళ్లు రోడ్డు మధ్యలోకి దిగుతారు. నా కొట్టు ముందు సరుకు దించే ఆటో ఎక్కడ ఆగాలి? రోజూ నేను బతకాలి కదా.

నాని_డెల్ఫ్ట్
సరుకు దించడానికి ఒక చోటు గీత గీసి వదలాలి రమణ అన్నా, అది లేకుండా ఇరుకు చేస్తే మీరన్నదే జరుగుతుంది. కుండీలు బరువైనవి, కదపలేనివి పెట్టాలి. కొన్నాళ్లు డ్రమ్ములతో ప్రయత్నించి చూసి, కుదిరితేనే సిమెంటు పోయొచ్చు.

మేడమీద_సత్యవతి
డ్రమ్ములు అయితే నేనూ సరే. చప్పుడు చేయవు.

సుధ_లాసన్స్‌బే
ఇన్ని తంటాలెందుకు? ఆర్కే బీచ్ రోడ్డులో పొద్దున్నే వాకర్ల కోసం బండ్లు ఆపుతున్నారు కదా. అలాగే సాయంత్రం పూట బీచ్ వైపు చివర బారికేడ్ పెట్టేస్తే అడ్డదారి ఉండదు, గొడవా ఉండదు.

పక్కవీధి_పార్వతీశం
ఆగండాగండి. మీ వీధి మూసేస్తే ఆ బండ్లన్నీ ఎటు పోతాయి? మా వీధిలోకి! మాది మీ దాంట్లో సగం వెడల్పు. రెండు పక్కలా కార్లు, మధ్యలో పిల్లల క్రికెట్. మీ పిల్లలు పిల్లలు, మా పిల్లలు కారా? బ్రేకర్లు వేసినప్పటి నుంచే మాకు బండ్లు పెరిగాయి. ఎవరైనా గమనించారా?

లక్ష్మీ_ఎంవీపీ
మీ దగ్గర పెరిగాయని నాకు తెలియదండీ. ఏ టైముకి ఎక్కువ?

పక్కవీధి_పార్వతీశం
శని, ఆదివారాలు సాయంత్రం. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకునేవాళ్ల కార్లు కూడా ఇటే వస్తున్నాయి, మీ బ్రేకర్ల మీద బండి ఆగిపోతుందని.

రిటైర్డ్_ఏఈ
పార్వతీశం గారు అసలు కీలకం పట్టుకున్నారు. ఒక వీధిలో అడ్డం పెడితే నీళ్లలాగే ట్రాఫిక్ పక్క వీధి వెతుక్కుంటుంది. ఇసుకతోట నుంచి బీచ్ రోడ్డు దాకా మధ్యలో ఉన్న వీధులన్నీ ఒకేసారి చూడాలి. అన్నిటిలోనూ సమంగా స్పీడు తగ్గితే అడ్డదారితో లాభం ఉండదు, మ్యాప్ కూడా పెద్ద రోడ్డే చూపిస్తుంది. మూసేయడం నాకు ఇష్టం లేదు. ఫైరింజన్ వచ్చిన రోజున బారికేడ్ తాళం ఎవరి దగ్గరుందో వెతుక్కుంటాం.

కళింగ_కుర్రాడు
ఇంకో విషయం ఎవరూ ఎత్తట్లేదు. రాత్రి తొమ్మిది తర్వాత ఆ రోడ్డు మీద రేసులు పెడుతున్నది బయటివాళ్లు కాదు. మన అపార్ట్‌మెంట్ల పిల్లలే, పదో తరగతి, ఇంటర్‌వాళ్లు. వాళ్లకు బండి తాళం ఇచ్చింది ఎవరు?

బుల్లెట్_బాబీ
ఇది మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం.

డాక్టర్_పద్మ
మోటారు వాహనాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత మైనర్ బండి నడిపి దొరికితే శిక్ష తల్లిదండ్రులకి లేదా బండి యజమానికి. 199ఏ సెక్షన్. 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఇది ప్రతి అపార్ట్‌మెంట్ లిఫ్ట్ దగ్గర అంటించండి.

రమణ_కిరాణా
మా వాడికి తాళం ఈ రోజు నుంచి బంద్.

రిటైర్డ్_ఏఈ
పద్మ గారు చట్టం ఎత్తారు కాబట్టి ఇంకోటి. అదే సవరణలో 198ఏ ఉంది. ప్రమాణాల ప్రకారం రోడ్డు వేయకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా, సంబంధిత అధికారికీ కాంట్రాక్టర్‌కీ లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. బెదిరించడానికి చెప్పట్లేదు. దరఖాస్తులో ఐఆర్‌సీ 99 పేరు రాస్తే, పని చేసే ఇంజనీరు కూడా కాంట్రాక్టర్‌ని గట్టిగా అడగగలుగుతాడు. కొలత లేని దరఖాస్తుకి కొలత లేని బ్రేకరే వస్తుంది.

అప్పల్రాజు_ఆటో
సారూ, డ్రైన్ పక్కన వదిలిన ఖాళీ సంగతి కూడా రాయండి. వాన నీళ్లు పోవడానికని మూరెడు వదిలారు. బైకులన్నీ అందులోంచే దూరుతున్నాయి. నడిచేవాళ్లు వెళ్లేదీ అదే చోటు. మొన్న పూలమ్ముకునే ముసలావిడ బుట్ట ఎగిరిపోయింది.

మేడమీద_సత్యవతి
అది మూసేస్తే వానాకాలం నీళ్లన్నీ మా గేటులోకి వస్తాయి. ఇప్పటికే ఒక జల్లు పడితే బ్రేకర్ వెనక మడుగు. దోమలు.

రిటైర్డ్_ఏఈ
రెండూ కుదురుతాయి. ఖాళీ అలాగే ఉంచి దాని మీద పలక వేస్తే నీళ్లు కింద నుంచి పోతాయి. బైకులు దూరకుండా అంచున చిన్న సిమెంటు స్తంభం పాతాలి, మనిషి పట్టేంత సందు వదిలి. రబ్బరు బ్రేకర్లు మాత్రం అడగొద్దు. మన సముద్రపు గాలికి బోల్టులు తుప్పు పట్టి, రబ్బరు ముక్క లేచిపోయి, మేకులు నిలబడి ఉంటాయి. టైరూ పోతుంది, కాలూ పోతుంది.

పక్కవీధి_పార్వతీశం
మధ్యమధ్యలో ఖాళీలు వదిలి దిమ్మల్లా వేస్తారే, అంబులెన్స్ చక్రాలు ఆ ఖాళీల్లోంచి సాఫీగా పోతాయి, అవి కుదరవా?

రిటైర్డ్_ఏఈ
కార్లే ఎక్కువగా తిరిగే దేశాల్లో కుదురుతాయండీ. మన దగ్గర బండ్లలో ఎక్కువ శాతం టూవీలర్లు. ఆ ఖాళీల్లోంచి స్పీడు తగ్గించకుండా దూరిపోతాయి, పైగా ఖాళీ కోసం బండి ఒక్కసారిగా పక్కకు తిప్పుతారు. స్కూల్ గేటు దగ్గర అయితే పైన చదునుగా ఉండే వెడల్పాటి హంప్ వేసి, దాని మీదే జీబ్రా గీతలు గీయడం మంచిది. పిల్లలు దిగి ఎక్కక్కర్లేకుండా పేవ్‌మెంట్ ఎత్తులోనే దాటతారు.

లక్ష్మీ_ఎంవీపీ
అందరూ చెప్పినవి కలిపి దరఖాస్తు రాస్తున్నాను. రెండో బ్రేకర్‌కి ఈ వారంలోనే రంగు, బోర్డు, కొమ్మలు కొట్టించడం. మూడూ తీసి ఐఆర్‌సీ 99 కొలతల్లో వేయడం ఒకే పనిగా. మూడోది సత్యవతి గారి గేటు నుంచి పార్కు గోడ వైపు జరపడం. స్కూల్ గేటు దగ్గర ఏఈ గారు చెప్పిన చదును హంప్, అటూ ఇటూ కొన్నాళ్లు డ్రమ్ములు, రమణ గారి సరుకుకి చోటు వదిలి. డ్రైన్ పలక, స్తంభం. వార్డు ఆఫీసులో ఒక కాపీ, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఒక కాపీ ఇద్దాం.

బుల్లెట్_బాబీ
రంగు, బోర్డు మొదటి లైనులో ఉండాలి. అలా అయితే తీసేయమన్న కాగితం మీంచి నా పేరు కొట్టించి దీని మీద పెడతాను. మా ఫ్లోర్‌లో ఇద్దరు మాత్రం ఒప్పుకోవట్లేదు. బ్రేకర్లే వద్దంటున్నారు, కారు కొత్తది.

డాక్టర్_పద్మ
వాళ్లని ఒక సాయంత్రం స్కూల్ గేటు దగ్గరికి పంపండి, నేనూ వస్తాను. పోట్లాడక్కర్లేదు, నిలబడి చూద్దాం.

పక్కవీధి_పార్వతీశం
మా వీధి గురించి ఒక్క ముక్క లేకుండా వెళ్తే, నేను వేరే దరఖాస్తు పట్టుకుని అదే లైనులో నిలబడతాను.

లక్ష్మీ_ఎంవీపీ
రాశానండీ, రెండో పేరా చూడండి. ఇసుకతోట నుంచి బీచ్ రోడ్డు దాకా అన్ని వీధుల్లోనూ సాయంత్రం పూట బండ్లు లెక్కపెట్టాకే కొత్తవి వేయమని అడిగాం. మీ వీధిలో ఎంతమంది సంతకం పెడతారు?

పక్కవీధి_పార్వతీశం
కాగితం పంపండి. రాత్రికల్లా అడిగి చెబుతాను.

అప్పల్రాజు_ఆటో
సోమవారం పొద్దున నా బండిలో ముగ్గురికి చోటుంది. ఏఈ గారు టేపు తెచ్చుకోండి, అడిగితే అక్కడే కొలిచి చూపించొచ్చు.